ఒకే బలం, రెండు ఉప్పెనలు

1977 నవంబరు 19న చీరాల, నిజాంపట్నం ప్రాంతంలో తీరం దాటిన తుపాను కేంద్రంలో గాలి పీడనం సుమారు 940 మిల్లీబార్లు. 2013 అక్టోబరు 12 రాత్రి ఒడిశాలోని గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన ఫైలిన్ కేంద్రంలోనూ దాదాపు అంతే. గాలి వేగం రెండింటిలోనూ గంటకు 200 కిలోమీటర్ల స్థాయిలో ఉంది. మొదటిది కృష్ణా డెల్టాలోని దివిసీమ మీదికి దాదాపు ఐదు మీటర్ల ఎత్తున సముద్రాన్ని తోసింది. రెండోది గంజాం జిల్లా పల్లపు ప్రాంతాల్లో లేపిన ఉప్పెన రెండు నుంచి రెండున్నర మీటర్లని తరవాతి క్షేత్ర పరిశీలనలో తేలింది. బలంలో సమానమైన రెండు తుపానులు, అదే బంగాళాఖాతం, నీటి ఎత్తులో మాత్రం రెట్టింపు తేడా.

పోటు వల్ల వచ్చిన తేడా అనుకోవడానికి కూడా వీల్లేదు. దివిసీమ ఉప్పెన దీపావళి అమావాస్య వెళ్లిన వారం తరవాత వచ్చింది. ఫైలిన్ దుర్గాష్టమి నాడు తీరం దాటింది. అష్టమి నవముల్లో పోటు మందంగా ఉంటుందని వేటకు వెళ్లే ప్రతి మత్స్యకారుడికీ తెలుసు. రెండుసార్లూ చంద్రుడు సముద్రాన్ని పెద్దగా లేపలేదు. దివిసీమలో అధికారిక లెక్క ప్రకారమే సుమారు పదివేల మందిని బలిగొన్న ఆ నీరు పౌర్ణమి నాడు వచ్చి ఉంటే ఇంకో అడుగో రెండడుగులో ఎక్కువ లేచేది. ఆ మాట ఊహించడానికే కష్టంగా ఉంటుంది.

ఫైలిన్‌లో మృతుల సంఖ్య పదుల్లోనే ఆగింది. అందుకు మొదటి కారణం లక్షల మందిని ముందే ఖాళీ చేయించడం. ఆ ఘనత యంత్రాంగానిదీ, హెచ్చరికదీ. నీటి ఎత్తులో తేడా సంగతి వేరు. అది సముద్రపు అడుగు ఎలా ఉంది, తీరం ఎలా వంగింది, తుపాను ఏ వైపు నుంచి వచ్చింది అన్న లెక్కల్లో ఉంది. ఈ లెక్కలే ఈరోజు ఉప్పెన మోడళ్లు వేస్తున్నాయి. హైదరాబాద్ ప్రగతినగర్‌లోని జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం ఇన్‌కాయిస్‌లో, అంటే సముద్రానికి ఇన్ని వందల కిలోమీటర్ల దూరంలో, మన తీరం కోసం కంప్యూటర్లు చేసే పని ఇదే.

ముందు తేలికైన లెక్క చూద్దాం. సముద్రం మీద గాలి బరువు తగ్గితే నీరు ఉబుకుతుంది. ఒక మిల్లీబారు తగ్గితే దాదాపు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. మామూలుగా 1010 దగ్గర ఉండే పీడనం 940కి పడితే లేచేది 70 సెంటీమీటర్లు. దివిసీమ ఐదు మీటర్లలో ఇది ఏడో వంతు మాత్రమే. మిగతా భారమంతా గాలిదీ, లోతుదీ.

గంటకు 180 కిలోమీటర్ల గాలి అంటే సెకనుకు 50 మీటర్లు. ఆ గాలి నీటి మీద రాసుకుంటూ పోయేటప్పుడు ప్రతి చదరపు మీటరు మీదా పడే తోపు సుమారు ఏడున్నర న్యూటన్లు, అంటే ముప్పావు కిలో బరువంత. విడిగా చూస్తే చాలా స్వల్పం. కానీ ఆ తోపు పదుల కిలోమీటర్ల పొడవునా గంటల తరబడి ఒకే వైపు సాగుతుంది. నీటిని ఒడ్డువైపు ఏటవాలుగా ఎత్తిపెడుతుంది. ఆ వాలు ఎంత అన్నది లోతు మీద ఆధారపడుతుంది. పది మీటర్ల లోతున్న చోట నీటి మట్టం కిలోమీటరుకు ఏడున్నర సెంటీమీటర్ల చొప్పున పెరుగుతుంది. అలాంటి మెరక సముద్రం 40 కిలోమీటర్లు ఉంటే ఒడ్డు దగ్గర నీరు మూడు మీటర్లు లేస్తుంది. అదే గాలి, అదే 40 కిలోమీటర్లు, లోతు మాత్రం వంద మీటర్లయితే లేచేది 30 సెంటీమీటర్లు. మూడు వేల మీటర్ల లోతులో ఒక్క సెంటీమీటరు. నడిసముద్రంలో భీకరంగా తిరిగే తుపాను కింద ఉప్పెన దాదాపు లేనట్టే. అది పుట్టేది చివరి కొన్ని పదుల కిలోమీటర్లలో, లంగరు వేసుకోగలిగినంత లోతులో.

ఇవి గాలి నిలకడగా, తీరం తిన్నగా ఉందనుకుని వేసిన చేతిలెక్కలు. అయినా అసలు విషయం వీటిలోనే కనిపిస్తుంది. విశాఖ దగ్గర సముద్రం త్వరగా లోతెక్కుతుంది. నిజాంపట్నం అఖాతంలో అలా కాదు. కృష్ణా డెల్టా ముందుకు పొడుచుకొచ్చి, దాని పడమట తీరం లోపలికి వంగి, నది తెచ్చిన ఒండ్రుతో సముద్రం మెరక పడింది. తోసుకొచ్చిన నీటికి పక్కలకు జారే దారి తక్కువ. 2014 అక్టోబరు 12న విశాఖ మీదికి నేరుగా వచ్చిన హుద్‌హుద్ కేంద్రంలో పీడనం 950 మిల్లీబార్లు. అది ఊరిని ఎంత ఛిద్రం చేసిందో విశాఖవాసులు ఎవరూ మరిచిపోలేదు. కానీ ఓడరేవులోని నీటిమట్టం కొలిచే పరికరం చూపిన ఉప్పెన 1.4 మీటర్లే. గాలి తుపానుగా హుద్‌హుద్ పెద్దది. నీటి తుపానుగా దివిసీమ తుపానుతో దానికి పోలికే లేదు. తుపానుకు బలాన్ని బట్టి మనం ఇచ్చే ఒక్క పేరు, అతి తీవ్రమనో పెను తుపాననో, తీరంలో ఉన్న మనిషికి నీటి సంగతి ఏమీ చెప్పదు. ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా ఎక్కువ కాదు.

గాలి లెక్కలో ఇంకో కీలకం ఉంది. తోపు గాలి వేగపు వర్గాన్ని బట్టి మారుతుంది. వేగం సగమైతే తోపు పావు వంతుకు పడుతుంది. వేగం అంచనాలో పది శాతం పొరపాటు జరిగితే ఉప్పెనలో ఇరవై ఒక్క శాతం తేడా వస్తుంది. మూడు మీటర్లు రావాల్సింది మూడుమ్ముప్పావుకు దగ్గర పడుతుంది. అందుకే ఉప్పెన మోడల్ ఎంత గొప్పదైనా దానికి అందించే గాలి లెక్క తప్పితే జవాబూ తప్పుతుంది. సముద్రం మీద తుపాను గాలిని నేరుగా కొలిచే సాధనాలు చాలా తక్కువ కాబట్టి మోడల్‌కు మూడే సంగతులు చెప్పి గాలి మొత్తాన్ని కట్టిస్తారు. కేంద్రంలో పీడనం ఎంత పడింది, బలమైన గాలి కేంద్రానికి ఎంత దూరంలో తిరుగుతోంది, తుపాను ఎటు ఎంత వేగంతో కదులుతోంది. వీటి నుంచి సుడిగాలి మొత్తాన్ని గీసే సూత్రాల్లో ఎక్కువగా వాడేది గ్రెగ్ హాలండ్ 1980లో ఇచ్చినది. బలమైన గాలి వలయం సాధారణంగా కేంద్రానికి 20 నుంచి 50 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. అది 20 అనుకుంటే ఉప్పెన సన్నని మేర తీరం మీద పడుతుంది. 50 అనుకుంటే నాలుగు మండలాల మీద పడుతుంది.

ఇక మోడల్ లోపల జరిగేది. సముద్రాన్ని గళ్లుగా కోస్తారు. ప్రతి గడిలోనూ రెండు నియమాలు. ఒకటి, గడిలోకి వచ్చిన నీటికీ బయటికి పోయిన నీటికీ తేడా ఎంతో మట్టం అంత మారాలి. రెండు, నీటి వేగాన్ని మార్చేవి గాలి తోపు, పీడనం, నీటి వాలు, భూమి తిరగడం వల్ల వచ్చే మలుపు, అడుగు రాపిడి. కొన్ని సెకన్లు ముందుకు జరిపి ప్రతి గడికీ కొత్త మట్టం లెక్కిస్తారు. మళ్లీ కొన్ని సెకన్లు. తుపాను తీరం దాటి నీరు వెనక్కి తీసేదాకా అంతే.

వినడానికి సులువుగా ఉన్నా చిక్కంతా గడి పరిమాణంలో ఉంది. దివిసీమ పాయలు, కాలువ మొగలు కనిపించాలంటే గడి వంద మీటర్లకు మించకూడదు. బంగాళాఖాతం వైశాల్యం సుమారు 21.7 లక్షల చదరపు కిలోమీటర్లు. వంద మీటర్ల గళ్లతో నింపితే 21.7 కోట్ల గళ్లు. కాలాన్ని కూడా ఇష్టం వచ్చినంత పెద్ద అంగలు వేయించలేం. నీటి మీద కదలిక ఒక అంగలో ఒక గడి దాటిపోతే లెక్క చెదిరిపోతుంది. మూడు వేల మీటర్ల లోతులో ఆ కదలిక సెకనుకు 171 మీటర్ల వేగంతో, అంటే గంటకు 600 కిలోమీటర్లు దాటి పోతుంది. కాబట్టి అంగ అర సెకను చిల్లరే. మూడు రోజుల అంచనాకు దాదాపు నాలుగున్నర లక్షల అంగలు, ఒక్కో అంగలో 21.7 కోట్ల గళ్లు. గుణిస్తే దాదాపు వంద లక్షల కోట్లు, అందులో ఒక్కోదానికి పదుల కొద్దీ కూడికలూ గుణకారాలూ. తుపాను వాకిట్లో ఉన్నప్పుడు ఇంత లెక్కకు ఆగే వ్యవధి ఎవరికీ ఉండదు.

దీనికి దొరికిన ఉపాయం నాకు ఎంతో నచ్చుతుంది. చదరపు గళ్లు మానేసి త్రిభుజాల వల అల్లడం. నడిసముద్రంలో ఒక్కో త్రిభుజం భుజం పది, ఇరవై కిలోమీటర్లు. అక్కడ ఉప్పెన లేదు కాబట్టి నష్టం లేదు. తీరం దగ్గరపడే కొద్దీ కిలోమీటరు, అర కిలోమీటరు, చివరికి వంద మీటర్లు. కోట్ల గళ్లు కొన్ని లక్షల బిందువులకు దిగుతాయి. అమెరికాలో రిక్ లుటిక్, యోవానెస్ వెస్టరింక్ 1990ల తొలినాళ్ల నుంచి అభివృద్ధి చేసిన ఆడ్‌సర్క్ మోడల్ ఇలాంటిదే. ఇన్‌కాయిస్ మన తీరానికి వాడుతున్నదీ అదే.

అంతకు ముందరి చరిత్ర చిన్నదేమీ కాదు. 1953 జనవరి 31 రాత్రి ఉత్తర సముద్రం పొంగి నెదర్లాండ్స్‌లో 1,836 మంది, ఇంగ్లాండ్‌లో 307 మంది చనిపోయాక ఐరోపాలో ఈ లెక్కలు ఊపందుకున్నాయి. మన దగ్గర పి.కె. దాస్ 1972లో బంగాళాఖాతం ఉప్పెనకు మోడల్‌ను నేచర్ పత్రికలో ప్రచురించారు. 1970 భోలా తుపాను ఇప్పటి బంగ్లాదేశ్‌లో కనీసం మూడు లక్షల ప్రాణాలు తీసి అప్పటికి రెండేళ్లు. ఆ తరవాత ఢిల్లీ ఐఐటీలో ఎస్.కె. దూబే, ఆయన సహచరులు మన తూర్పు తీరానికి తయారుచేసిన మోడల్ వాతావరణ శాఖ చేతికి వచ్చింది. కెనడాలో స్థిరపడిన తాడేపల్లి సత్యనారాయణ మూర్తి 1984లో ఉప్పెనల మీద రాసిన గ్రంథాన్ని ఈ రంగంలోవాళ్లు ఇప్పటికీ తిరగేస్తుంటారు.

మోడల్‌కు అసలు పరీక్ష దారి దగ్గర వస్తుంది. మన అర్ధగోళంలో తుపాను గాలి గడియారం ముళ్లకు ఎదురు దిశలో తిరుగుతుంది. అందుకే తుపాను వచ్చే దారికి కుడిపక్క గాలి సముద్రం నుంచి నేల మీదికి కొడుతుంది. ఎడమపక్క నేల నుంచి సముద్రంలోకి కొట్టి నీటిని వెనక్కి లాగుతుంది. 1977లో తుపాను కన్ను చీరాల వైపు నడిచింది. దివిసీమ దానికి కుడిపక్కన పడింది. అదే కన్ను మచిలీపట్నం మీదుగా వెళ్లి ఉంటే దివిసీమలోని నాగాయలంక, సొర్లగొంది ఊళ్లు ఎడమపక్కన పడేవి. అక్కడ సముద్రం వెనక్కి పోయి, నీరు మచిలీపట్నానికి ఉత్తరాన ఉన్న ఊళ్ల మీద పడేది. చీరాల నుంచి మచిలీపట్నానికి సూటిగా కొలిస్తే సుమారు 90 కిలోమీటర్లు. తుపాను కేంద్రం ఇరవై నాలుగు గంటల తరవాత ఎక్కడ ఉంటుందని మన వాతావరణ శాఖ చెప్పే అంచనాలో సగటు తేడా ఈమధ్య ఏళ్లలో సుమారు 75 కిలోమీటర్లు. ఇరవై ఏళ్ల కిందట దాదాపు ఇంతకు రెట్టింపు ఉండేది. పెద్ద పురోగతే. అయినా ఒక రోజు ముందు మోడల్ దివిసీమకు నాలుగు మీటర్లు చూపవచ్చు, సున్నా కంటే తక్కువా చూపవచ్చు. ఏ దారి ఇచ్చామన్నదే తేడా.

అందుకని ఒక్క దారితో నడిపి ఒక్క అంకె చెప్పడం సరికాదు. మధ్య దారికి అటూ ఇటూ దారులు గీసి, వేగం పెంచీ తగ్గించీ, అన్నిటినీ నడిపి, ఏ ఊరికి ఎంత నీరు వచ్చే అవకాశం ఎంత ఉందో చూడాలి. త్రిభుజాల వల వల్ల ఆదా అయిన సమయానికి అసలు విలువ ఇక్కడే. కొందరు ఇప్పుడు వేల తుపానులను ముందే నడిపి, ఆ ఫలితాలతో కృత్రిమ మేధకు శిక్షణ ఇచ్చి, క్షణాల్లో జవాబు రాబట్టాలని చూస్తున్నారు. మంచి దారే. కానీ అడుగున ఉన్న లోతు పటం తప్పయితే అదీ అదే తప్పు నేర్చుకుంటుంది.

ఉప్పెనకు పోటును కలపాలి. పోటు లెక్క మాత్రం ఇందులో అన్నిటికంటే నమ్మదగినది. చంద్రుడి వల్ల 12 గంటల 25 నిమిషాలకోసారి, సూర్యుడి వల్ల 12 గంటలకోసారి లేచే అలలు, రోజుకోసారి వచ్చే మరికొన్ని, అన్నిటినీ కలిపి ఏడాది ముందే నిమిషాలతో సహా పట్టికలు వేస్తారు. భారత సర్వే సంస్థ వాటిని ఏటా అచ్చు వేస్తుంది. కాకినాడ, విశాఖ తీరంలో అమావాస్య పౌర్ణములకు పోటుకూ పాటుకూ మధ్య తేడా సుమారు ఒకటిన్నర మీటరు. ఒకటిన్నర మీటర్ల ఉప్పెన పోటు మీద వస్తే సగటు మట్టానికి పైన రెండుంబావు మీటర్లు, ఆరు గంటలు ఆలస్యమై పాటులో వస్తే ముప్పావు మీటరు. తుపాను ఆరు గంటలు నెమ్మదిస్తే ఊరి గతి మారిపోతుందన్నమాట. పైగా మన తీరంలో సముద్రపు సగటు మట్టమే ఏడాది పొడవునా ఒకేలా ఉండదు. ఫిబ్రవరి, మార్చిలో తగ్గి అక్టోబరు, నవంబరుల్లో అడుగుకు అటూ ఇటూ పెరుగుతుంది. సరిగ్గా తుపానుల కాలంలోనే. వీటి మీద పెద్ద అలలు విరిగి ఒడ్డున పేర్చే నీరు ఉంటుంది. ఆరు మీటర్ల అలలైతే అరమీటరు నుంచి మీటరు దాకా. దీన్ని లెక్కించడానికి ఉప్పెన మోడల్‌నూ అలల మోడల్‌నూ జంటగా నడుపుతారు.

నీరు నేలెక్కాక లెక్క ఇంకా కష్టం. డెల్టా నేల ఐదు కిలోమీటర్లకు ఒక మీటరు చొప్పున పెరుగుతుందనుకుందాం. నేల ఎత్తు పటంలో ఒక్క మీటరు తప్పుంటే నీరు ఆగే గీత ఐదు కిలోమీటర్లు జరుగుతుంది. ఉచితంగా దొరికే ఉపగ్రహ పటాల్లో తప్పు కొన్ని మీటర్లు ఉండటం మామూలే. కోనసీమలాంటి చోట అవి నేలకు బదులు కొబ్బరి తలలను కొలుస్తాయి. విమానం నుంచి లేజరుతో కొలిచిన పటాలే దీనికి పనికొస్తాయి. ఇంకొకటి, కరకట్ట. నాలుగైదు మీటర్ల వెడల్పున్న కట్ట వంద మీటర్ల త్రిభుజంలో కలిసిపోయి కనిపించకుండా పోతుంది. కానీ ఊరు మునగడం, మునగకపోవడం దాని మీదే ఆధారపడి ఉంటుంది. అందుకే కరకట్టలను, రోడ్డు గట్లను వలలో చేత్తో గీతలుగా పెట్టి ఎత్తు ఇవ్వాలి. గండి పడితే ఏమవుతుందో విడిగా నడిపి చూడాలి. మడ అడవి ఉన్న చోట నీటికి తగిలే రాపిడి అంకె 0.1 దాటుతుంది. ఖాళీ ఇసుక నేల మీద అది 0.02 దగ్గర ఉంటుంది. మడ నరికి రొయ్యల చెరువులు తవ్వితే మోడల్‌లో మారేది ఈ ఒక్క అంకే. నీరు లోపలికి వచ్చే వేగం మాత్రం ఊరు ఊరంతటికీ మారుతుంది.

అంచనాలు ఎంతవరకు నిజమయ్యాయి? హుద్‌హుద్‌కు వాతావరణ శాఖ ఒకటి నుంచి రెండు మీటర్లని చెప్పింది. పరికరం 1.4 చూపింది. ఫైలిన్‌కు మూడు నుంచి మూడున్నర అంది, రెండు నుంచి రెండున్నర వచ్చింది. రెండో అంచనా ఎక్కువైంది, నిజమే. అది ప్రాణాలు కాపాడే వైపు జరిగిన పొరపాటు కాబట్టి దాన్ని తప్పు పట్టను. కానీ ప్రతిసారీ ఎక్కువ చెబితే నాలుగోసారి జనం కదలరు. అసలు ఎంత వచ్చిందో కొలిచే పరికరాలు తీరంలో ఒకదానికొకటి చాలా దూరంలో ఉన్నాయి. ఉప్పెన శిఖరం వాటి మధ్య పడితే ఆధారం గోడల మీద మరకలు, చెట్లకు చిక్కిన చెత్త మాత్రమే. మోడల్ బాగుపడాలంటే దానికి ముందుగా కావలసింది ఇంకా పెద్ద కంప్యూటరు కాదు, ఇంకొన్ని నీటిమట్టం పరికరాలు.

ఇప్పుడు బులెటిన్ సంగతి. “సాధారణ ఆటుపోట్ల కంటే మీటరున్నర ఎత్తున” అని వచ్చే వాక్యం మరునాడు పత్రికల్లో “మీటరున్నర అలలు” అవుతుంది. అల పది సెకన్లలో వెనక్కి పోతుంది. ఉప్పెన గంటల పాటు నిలబడుతుంది, దాని మీద అలలు విడిగా ఉంటాయి. మీటరున్నర అల అంటే ఏ మత్స్యకారుడూ భయపడడు. భయపడాల్సిన పనీ లేదు. మీటరున్నర ఉప్పెన సరైన సమయానికి వస్తే ఇంట్లో మంచం మునుగుతుంది. ఈ తేడా జనానికి చేరకపోతే ఇన్ని లక్షల కోట్ల లెక్కలూ చివరి మైలులో ఆగిపోయినట్టే.

కావలసిన ముక్కలన్నీ మన దగ్గర ఉన్నాయి. తుపాను తీరం దాటే గంటకు పోటు ఎంతో పట్టికలో ఉంది. ఉప్పెన ఎంతో మోడల్ చెబుతుంది. ఋతువును బట్టి పెరిగే అడుగు తెలుసు. నేల ఎత్తు పటాలు తయారవుతున్నాయి. వీటిని కూడి, ఊరి నేల ఎత్తు తీసేసి, “మీ ఊళ్లో రాత్రి పదకొండింటికి మోకాలి లోతు, నడుము లోతు” అని గ్రామ సచివాలయం చేతికి ఇవ్వాలి. దానికి ముందు ప్రతి తీర గ్రామంలో బడి గోడ మీదో, గుడి మెట్ల మీదో సముద్రపు సగటు మట్టానికి ఎంత ఎత్తులో ఉందో రాసి పెట్టాలి. పాతికేళ్లకోసారి తిరిగి కొలవాలి కూడా. 1977 తరవాత ప్రపంచ సగటు సముద్రమట్టం సుమారు 12 సెంటీమీటర్లు పెరిగింది, 2006 నుంచి 2018 వరకు ఏటా 3.7 మిల్లీమీటర్ల చొప్పున పెరిగింది. ఆనకట్టల వెనక ఒండ్రు ఆగిపోయి కృష్ణా డెల్టాకు కొత్త మట్టి దాదాపు రావడం లేదు. ఐదు కిలోమీటర్లకు మీటరు వాలున్న నేల మీద 12 సెంటీమీటర్లు అంటే నీరు ఆరు వందల మీటర్లు ముందుకు రావడం. అలా కొలిచేటప్పుడు తుపాను షెల్టర్ల నేల ఎత్తును మొదట చూడాలి. వాటిలో చాలావరకు పాత ఉప్పెన లెక్కల మీద, పాత సముద్రమట్టం చూసి కట్టినవే.